స్టెప్నీ ఉందిగా అనుకునేవాళ్ల కోసం: 12 వోల్టుల గాలి పంపు, వత్తి కిట్ రివ్యూ

ముందే తేల్చి చెబుతున్నాం: బ్యాటరీతో నడిచే చేతి పంపు కాదు, కారు సాకెట్‌కి గుచ్చుకునే 12 వోల్టుల వైరు పంపు కొనండి. దానికి తోడు ట్యూబ్‌లెస్ టైరు రంధ్రంలోకి రబ్బరు వత్తి దింపి పంక్చర్ వేసుకునే కిట్ ఒకటి. పంపు రెండు వేలకు అటూ ఇటూగా, కిట్ మూడు నాలుగు వందలకు దొరుకుతుంది. ఒకే అచ్చులో పోసినట్టుండే పంపుల మీద రకరకాల పేర్లు అంటించి అమ్ముతున్నారు కాబట్టి ఇక్కడ కంపెనీల జోలికి పోవడం లేదు. పెట్టె మీద ఏం చూడాలి, చేతికి వచ్చాక ఏం పరీక్షించాలి, దారిలో ఎలా వాడాలి, ఇవే చెబుతాం.

లెక్క తెగడానికి ఒక ప్రయాణం అనుకుందాం. ఇద్దరు స్నేహితులు, ఒక చిన్న కారు, మొదటి రోజు హైదరాబాద్ నుంచి శ్రీశైలం. దూరం 215 కిలోమీటర్ల దాకా ఉంటుంది. తుక్కుగూడ దాటాక కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి, డిండి వరకు పంక్చర్ షాపులకు కొదవ లేదు. రోడ్డు పక్కన పాత టైరు నిలబెట్టి ఉంటే అదే బోర్డు. మన్ననూరు చెక్‌పోస్టు దాటితే మాత్రం అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అక్కడి నుంచి దోమలపెంట దాకా ఇంచుమించు 60 కిలోమీటర్లు అడవే. ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు బండ్లను వదలరు. కాబట్టి సాయంత్రం కల్వకుర్తిలో టైరు దగ్గర పోయిన రెండు గంటలు గేటు దగ్గరికి వచ్చేసరికి ఒక రాత్రి అయి కూర్చుంటాయి. ఈ పంపూ కిట్టూ పనికొచ్చేది అలాంటి చోటనే. ఊళ్లో తిరిగే కారుకు ఇవి లేకపోయినా గడిచిపోతుంది.

పంపు సంగతి

పెట్టె మీద 150 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడికి కొలత) అని పెద్ద అక్షరాలతో వేస్తారు. దాంతో మనకు పని లేదు. చిన్న కారు టైరుకు కావలసింది 30 నుంచి 36 మధ్య. చూడాల్సింది నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి తోస్తుందన్న అంకె. 185/65 ఆర్15 సైజు టైరులో దాదాపు 30 లీటర్ల చోటు ఉంటుంది. 25 దగ్గర ఉన్న టైరును 33కి తేవాలంటే మామూలు గాలి లెక్కలో 16 లీటర్లు చాలు. పూర్తిగా కూర్చున్న టైరుకైతే 68 లీటర్ల దాకా కావాలి. పెట్టె మీద 35 లీటర్లని ఉంది కదా, రెండు నిమిషాల్లో నిండిపోతుందనుకోకండి. అది ఎదురు ఒత్తిడి ఏమీ లేనప్పటి అంకె. టైరు బిగిసేకొద్దీ పంపు తోసే గాలి తగ్గిపోతూ ఉంటుంది. 25 నుంచి 33కి ఒకటిన్నర, రెండు నిమిషాలు, ఖాళీ టైరుకు ఐదారు నిమిషాలు పడితే ఆ పంపు మంచిదే. ఖాళీ టైరుకు పది నిమిషాలు దాటించేది ఆటబొమ్మ కిందే లెక్క.

ఈ పంపులు ఎక్కువగా 120 వాట్లవి, అంటే 10 ఆంపియర్ల కరెంటు లాగుతాయి. కారు సాకెట్ ఫ్యూజు చాలా బండ్లలో 15 ఆంపియర్లు, కొన్నింట్లో 10 మాత్రమే. ఒక సాకెట్‌ని మూడు చేసే చవక అడాప్టర్ మధ్యలో పెట్టి దాని మీద ఫోన్ చార్జర్ కూడా నడిపితే ముందు ప్లాస్టిక్ వాసన వస్తుంది, తర్వాత ఫ్యూజు పోతుంది. పంపును నేరుగా సాకెట్‌కే పెట్టాలి. ఇంజన్ ఆన్‌లో ఉండాలి, లేకపోతే వోల్టేజి పడిపోయి పంపు మెల్లగా మూలుగుతుంది. ఇంజన్ నడుస్తుంది కాబట్టి ఈ పని మూసిన గ్యారేజీలో చేయకూడదు. మీ బండి సాకెట్ ఫ్యూజు ఎంతదో మాన్యువల్‌లో చూసి, అలాంటిదే ఇంకొకటి గ్లవ్ బాక్సులో పడేయండి. దాని ఖరీదు పది ఇరవై రూపాయలు.

వైరు పొడవు దగ్గర చాలామంది మోసపోతారు. సాకెట్ ముందు, గేరు దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి వైరు తలుపులోంచి బయటికి వచ్చి, నేల మీదికి దిగి, వెనక చక్రం దాకా పోవాలి. చిన్న కారుకు 3 మీటర్ల వైరు, అర మీటరు గొట్టం సరిపోతాయి. పొడవాటి సెడాన్‌కూ, పెద్ద ఎస్‌యూవీకీ ఇవి చాలవు, పంపు గాల్లో వేలాడుతుంది. అలా వేలాడే పంపు బరువంతా వాల్వు మీదే పడుతుంది. కొన్న రోజే నాలుగు చక్రాలకూ అందుతుందో లేదో ఇంటి ముందు పెట్టి చూడండి. అందకపోతే వెనక్కి పంపేయండి.

గొట్టం చివర రెండు రకాలుంటాయి. మరతో తిప్పి బిగించేది ఒకటి, మీట నొక్కి బిగించేది ఇంకొకటి. మరది గట్టిగా కూర్చుంటుంది కానీ విప్పే రెండు మూడు సెకన్లలో కొంచెం గాలి తుస్సుమంటుంది. అందుకని ఒక పీఎస్‌ఐ ఎక్కువ కొట్టి విప్పడం అలవాటు చేసుకోవాలి. ఐదారు నిమిషాలు నడిచాక ఆ ఇత్తడి ముక్క చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. ఈ మాట పెట్టె మీద ఎవరూ రాయరు. పాత గుడ్డ ముక్క ఒకటి పంపు సంచిలోనే ఉంచండి. పది పదిహేను నిమిషాలకు మించి ఆపకుండా నడపకూడదు. ఖాళీ టైరు నింపాక పంపుకు అంతే సేపు విశ్రాంతి ఇచ్చి రెండో టైరు పట్టుకోవాలి. లోపలి పిస్టన్ రింగు వేడికి అరిగితే పంపు చప్పుడు చేస్తుంది, గాలి రాదు. పాడైన పంపులు ఎక్కువగా ఈ జబ్బుతోనే పోతాయి.

అంకె పెట్టి వదిలేస్తే తనంతట ఆగిపోయే సౌకర్యం ఉన్నదే తీసుకోండి. అయితే పంపు మీది మీటరును గుడ్డిగా నమ్మొద్దు. గాలి పారుతున్నప్పుడు అది కాస్త ఎక్కువ చూపిస్తుంది, ఆగాక అర, ఒకటి తగ్గుతుంది. అది కాక పుట్టు తేడా వేరే ఉంటుంది. రెండు మూడు పీఎస్‌ఐ తప్పు చూపించే పంపులు అరుదేమీ కాదు. విడిగా గడియారం ముల్లు లాంటి చిన్న గేజి ఒకటి కొని, రెండింటినీ ఒకే టైరు మీద పోల్చి, తేడా ఎంతో పంపు మీద టేపు అంటించి రాసేస్తే సరిపోతుంది. తప్పు చూపించినా ఎప్పుడూ ఒకేలా చూపించే మీటరుతో ఇబ్బంది లేదు.

బ్యాటరీ పంపులు చూడ్డానికి ముద్దుగా ఉంటాయి. బైకుకు బాగుంటాయి కూడా. కారు విషయంలో వాటి మీద మా ఫిర్యాదు ఒకటే: అవసరం పడ్డ రోజున చార్జింగ్ ఉండదు. ఎండలో నిలిపిన కారు లోపల వేడికి లిథియం బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. డిక్కీలో ఆరు నెలలు మరిచిపోయిన పంపు ఒక టైరును సగం నింపి ఆగిపోతుంది. వైరు పంపుకు ఈ గొడవ లేదు, కారు నడుస్తున్నంత కాలం అదీ నడుస్తుంది.

బయలుదేరే పొద్దున, మొదటి టీ దగ్గర

గాలి చూసుకోవాల్సింది బండి కదలకముందు. కనీసం మూడు గంటలు ఆగి ఉన్న టైరు చల్లగా ఉన్నట్టు లెక్క. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీదో, పెట్రోలు మూత లోపలో స్టిక్కరు చెబుతుంది. టైరు పక్క గోడ మీద ఉండే 44, 51 లాంటి అంకెలు ఆ టైరు భరించగలిగే గరిష్ఠ ఒత్తిడి, మీరు కొట్టాల్సింది కాదు. స్టిక్కరు మీద రెండు వరుసలుంటే ఒకటి మామూలు బరువుకు, ఇంకొకటి నిండు బరువుకు. ఇద్దరు మనుషులు, రెండు సంచులు నిండు బరువు కాదు. దూర ప్రయాణం కదా అని 40 కొట్టించుకునేవాళ్లు ఉన్నారు. మైలేజీ సంగతేమో గానీ తడిరోడ్డు మీద పట్టు తగ్గుతుంది, గుంత తగిలితే రిమ్ముకూ టైరుకూ దెబ్బ ఎక్కువ. తక్కువ గాలి ఇంకా ప్రమాదం. టైరు పక్క గోడ ప్రతి చుట్టులోనూ వంగి లేస్తూ వేడెక్కుతుంది. హైవే మీద టైరు పేలడానికి పెద్ద కారణం ఎండ కన్నా ఇదే.

కంటితో చూసి, కాలితో తన్ని గాలి లెక్కకట్టడం రేడియల్ టైర్లకు కుదరదు. సరిగ్గా గాలి ఉన్నా వాటి పొట్ట కాస్త బయటికే ఉంటుంది. 33కీ 25కీ తేడా కంటికి ఆనదు.

అసలు కిటుకు మొదటి ఆగుడు దగ్గర ఉంది. పొద్దున నాలుగు టైర్లూ 33తో బయలుదేరి, గంటకు పైగా నడిచి, కల్వకుర్తిలో టిఫినుకు ఆగారనుకోండి. వేడికి ప్రతి టైరులోనూ 3, 4 పీఎస్‌ఐ పెరిగి ఉండాలి. ఇలా పెరగడం మామూలే, అందుకని గాలి తీసేయకూడదు. తీస్తే మర్నాడు పొద్దున తక్కువైపోతుంది. మీరు చూడాల్సింది తేడా. మూడు టైర్లు 36, 37 చూపిస్తూ ఒకటి మాత్రం 33 దగ్గరే ఉంటే, ఆ టైరుకు ఏమీ కాలేదని సంబరపడొద్దు. అది కారుతోంది. పెరగాల్సిన నాలుగు పీఎస్‌ఐ ఎక్కడో బయటికి పోయింది. మేకు గుచ్చుకుందేమో అక్కడే వెతకండి, షాపు పక్కనే ఉంది. ఒకరు ఇడ్లీ చెప్పే లోపు ఇంకొకరు ఈ పని ముగించొచ్చు. తొలిరోజు రెండు నిమిషాలు దీనికి ఇచ్చినవాళ్లకు అడవిలో ఆగే అవసరం చాలావరకు తప్పుతుంది.

ఒకవేళ మన్ననూరు దాటాకే టైరులో గాలి పడిపోవడం మొదలైందా? మెల్లగా కారే టైరుకు అడవిలో పంక్చర్ వేయబోకండి. బండి దిగి తిరగాల్సిన చోటు కాదది. గంటకు ఎనిమిది పీఎస్‌ఐ కారుతున్న టైరైనా, రెండు నిమిషాలు గాలి కొట్టి ఇంకో అరగంటకు పైగా నింపాదిగా నడపొచ్చు. మళ్లీ తగ్గితే మళ్లీ కొట్టుకుని దోమలపెంట చేరొచ్చు. స్టెప్నీ మార్చాలంటే సామాను దించి, జాకీ పెట్టి, ఎంత చేయి తిరిగినవాళ్లకైనా ఇరవై నిమిషాలు రోడ్డు మీద ఉండాలి. స్టెప్నీ కన్నా పంపుకు మేం ఎక్కువ మార్కులు వేయడానికి కారణం ఇదే. టైరు చిరిగినప్పుడు మాత్రం స్టెప్నీకి సాటి లేదు.

వత్తి కిట్: చేతిలో పట్టు ఉంటేనే

కిట్‌లో టీ ఆకారపు పిడులున్న పనిముట్లు రెండు ఉంటాయి. ఒకటి గరుకు ఆకురాయి లాంటిది, రంధ్రాన్ని సాపు చేయడానికి. రెండోది గోనెసంచి కుట్టే దబ్బనం లాంటిది, కన్ను చివర చిన్న చీలిక ఉంటుంది. వీటితో పాటు జిగురు పట్టిన రబ్బరు వత్తులు, బంక గొట్టం, బ్లేడు. పటకారు మాత్రం చాలా కిట్లలో ఉండదు, ఉన్నా మేకు తల పట్టదు. ఇంట్లోని మంచి కటింగ్ ప్లేయరు పెట్టుకోండి. పిడులు ప్లాస్టిక్‌వి అయితే కొనొద్దు. స్టీలు తీగల టైరులోకి దబ్బనం దింపాలంటే ఒంటి బరువంతా వేయాలి, ప్లాస్టిక్ పిడి అరచేతిలోనే విరుగుతుంది.

ముందు రంధ్రం దొరకాలి. ముందు చక్రమైతే స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పితే టైరు ముఖం బయటికి వస్తుంది. వెనకదైతే ఒకరు బండిని అడుగడుగుగా ముందుకు జరుపుతుంటే ఇంకొకరు చూడాలి. సబ్బు నీళ్లు చల్లితే కారే చోట బుడగలు లేస్తాయి. టైరు ముఖం మీద ఏమీ కనబడకపోతే వాల్వు చివర ఒక చుక్క వేసి చూడండి. లోపలి పిన్ను వదులై కారే కేసులు తక్కువేమీ కాదు.

దొరికిన మేకును వెంటనే పీకేయాలన్న ఆత్రం వద్దు. గాలి నిలుస్తుంటే ఆ మేకే బిరడా. షాపు అందేంత దూరంలో ఉంటే దాంతోనే వెళ్లిపోవడం నయం. తప్పదనుకుంటే, టైరులో గాలి తక్కువగా ఉన్నప్పుడు ముందు 20, 25 దాకా కొట్టండి. ఈ మెట్టు చాలామందికి తెలియదు. మెత్తబడ్డ టైరు దబ్బనం నొక్కితే లోపలికి వంగిపోతుంది కానీ దిగదు. బిగిసిన టైరులోకే అది దిగుతుంది. మేకు ఏ వాలున ఉందో గుర్తుపెట్టుకుని పీకి, అదే వాలున ఆకురాయి దింపి, కుడి చేతివైపు తిప్పుతూ పది పదిహేనుసార్లు పైకీ కిందికీ ఆడించాలి. రంధ్రం పెద్దదవుతుందని జాలిపడి నాలుగుసార్లతో ఆపేస్తే లోపల తెగిన స్టీలు తీగల మొనలు అలాగే ఉండి, వత్తిని రెండు మూడు వందల కిలోమీటర్లలో కోసేస్తాయి. పంక్చర్ వేశాక కూడా కారుతోంది అనే ఫిర్యాదుల్లో ఎక్కువ వాటికి మూలం ఇక్కడే.

వత్తిని దబ్బనం కన్నులోంచి సగానికి లాగి, రెండు కొనలూ సమానంగా ఉంచి, బంక రాసి, టైరు బయట ఒక సెంటీమీటరు పైచిలుకు కొనలు మిగిలేదాకా దింపాలి. ఇప్పుడు దబ్బనాన్ని మెలితిప్పకుండా ఒక్క ఊపున నిటారుగా లాగేయాలి. కన్ను చివరి చీలికలోంచి వత్తి జారి లోపలే ముడిలా ఉండిపోతుంది. మెల్లగా లాగితే వత్తి కూడా వెంట వచ్చేస్తుంది. మొత్తం లోపలికి తోసేస్తే టైరులో పడిపోతుంది. రెండు తప్పులూ మొదటిసారి చేసేవాళ్లందరూ చేసేవే. అందుకే బయలుదేరే ముందు పంక్చర్ షాపులో పారేసిన టైరు ఒకటి అడిగి దాని మీద రెండు వత్తులు దించి చూడండి. గాలి లేని టైరు కాబట్టి అక్కడ ఇంకా కష్టంగా ఉంటుంది, చేతికి అదే మంచి సాధన.

మిగిలిన కొనలను సాగదీయకుండా మూడు నాలుగు మిల్లీమీటర్లు వదిలి కోసేసి, స్టిక్కరు చెప్పినంత గాలి కొట్టి, సబ్బు నీళ్లతో ఒకసారి చూస్తే పని ముగిసినట్టే. బుడగ ఇంకా లేస్తుంటే పక్కనే రెండో వత్తి దింపొచ్చు. మూడోది వద్దు. రంధ్రం 6 మిల్లీమీటర్లు దాటినా, టైరు భుజం (ముఖం పక్క గోడవైపు వంగే అంచు) మీదో పక్క గోడ మీదో ఉన్నా ఈ కిట్‌తో పని కాదు. అక్కడ రబ్బరు వంగుతూ లేస్తూ ఉంటుంది, వత్తిని కక్కేస్తుంది. గాలి లేకుండా కిలోమీటరు దొర్లించిన టైరుకు కూడా వత్తి వేయకండి. బయటికి బాగానే కనిపించినా లోపల పక్క గోడ నలిగి పొడి రాలుతుంటుంది.

బంక గొట్టం ఒకసారి సీలు తెరిస్తే కొన్నాళ్లకే గట్టిపడుతుంది. వత్తులకు సొంత జిగురు ఉంటుంది కాబట్టి బంక లేకపోయినా పని నడుస్తుంది. కానీ జిగురు ఆరి, మడిస్తే పగిలే వత్తులు పారేయాల్సిందే. ఏడాదికొకసారి మార్చేయండి.

మిగతావి క్లుప్తంగా

టైరులో పోసే పచ్చటి ద్రావకాలు మాకు నచ్చవు. చిన్న ముల్లుకు ఆగుతాయి, నిజమే. ఆ తర్వాత టైరు విప్పినవాడు జిగురంతా కడుక్కుంటూ తిడతాడు, బ్యాలెన్సింగ్ కుదరదు, గాలి సెన్సరు ఉన్న చక్రమైతే దాని మీద కూడా పేరుకుంటుంది.

స్టెప్నీకీ గాలి చూడాలి. డిక్కీ అడుగున రెండేళ్లు పడుకున్న స్టెప్నీ 15 దగ్గర ఉండటం వింతేమీ కాదు. సన్నటి తాత్కాలిక స్టెప్నీ అయితే దానికి చాలా బండ్లలో 60 పీఎస్‌ఐ కావాలి, వేగం 80 దాటకూడదు. టైరు వయసు పక్క గోడ మీది నాలుగంకెలు చెబుతాయి: 2319 అంటే 2019లో 23వ వారం. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి సెన్సర్లు, రిపేరు కిట్ ఉన్న బండికి స్టెప్నీ లేకున్నా ఫర్వాలేదని 2020లో నిబంధన సవరించారు. కాబట్టి కొత్త బండి కొన్నవాళ్లు, అద్దె బండి తీసుకున్నవాళ్లు డిక్కీ చాప ఎత్తి ఒకసారి చూసుకోవాలి.

చక్రం నట్ల విషయంలో ఒక జాగ్రత్త. షాపుల్లో గాలి గన్నుతో బిగించిన నట్లు బండితో వచ్చే చిన్న పానాకు లొంగవు. బయలుదేరే ముందురోజు, చక్రం నేల మీద ఉండగానే, ఒక్కో నట్టూ ఒకసారి వదులు చేసి మళ్లీ చేత్తో బిగించండి. మీ ఇద్దరిలో ఎవరి బలం చాలుతుందో అప్పుడే తేలిపోతుంది. చాలకపోతే పొడవు పిడి పానా కొనుక్కోవచ్చు. దారిలో చక్రం మార్చితే ఎదురెదురు నట్ల వరుసలో బిగించి, 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక ఇంకోసారి బిగించాలి. వెనక 50 మీటర్ల దూరంలో ఎర్ర త్రికోణం పెట్టే పని రెండో మనిషిది, చీకటి పడితే టార్చి కూడా.

వత్తి వేసిన టైరుతో ఆ రోజు 80 దాటకండి. శ్రీశైలంలో రాత్రి నిలిపి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూస్తే రెండు పీఎస్‌ఐకి మించి తగ్గకూడదు. తగ్గితే పక్కనే ఉన్న సున్నిపెంటలో టైరు విప్పించి లోపలి నుంచి పుట్టగొడుగు ప్యాచ్ (కాడ రంధ్రంలోకి దిగి, గొడుగు లోపలి గోడకు అంటుకునేది) వేయించుకోండి. చాలా షాపుల్లో అడక్కపోతే మళ్లీ బయటి నుంచే ఇంకో వత్తి దింపి పంపేస్తారు. శ్రీశైలం నుంచి అవతల దోర్నాల వైపు దిగే ఘాట్ కూడా అడవే, అక్కడా రాత్రి గేటు ఉంది.